కల పుస్తకం, కోరిక చీటీ

మన బడి పాత విద్యార్థుల సంచికకు సైన్సు మాస్టారి గురించి రెండు పేజీలు నువ్వే రాయాలని కమిటీ వారు పట్టుబట్టారు. గంట తాత, ఎర్ర సైకిలు, జామచెట్టు పంచాయితీ ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా అంతా వాళ్ళకే వదిలేస్తున్నాను. నిద్ర జబ్బుల వైద్యుడిగా నేను రాయదగ్గది 1986 గోదావరి వరద తర్వాత మాస్టారు మనందరిచేత పెట్టించిన కల పుస్తకం, అంటే వచ్చిన కలలు రాసుకునే నోటుబుక్కు, కోరిక చీటీల గురించే.

ఆ ఆగస్టులో నీళ్ళు తీసి బడి తెరిచాక, లంకల నుంచి బల్లకట్టు మీద నది దాటి వచ్చే బల్లకట్టు బ్యాచి మొత్తానికి ఒకటే కల. గట్టు తెగుతుంది, పరుగెత్తబోతే కాళ్ళు రావు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు స్వప్నఫలాలు చూసి, తెల్లవారుజాము కల కాబట్టి నిజమవుతుందన్నారు. మాస్టారు వాళ్ళను ఒక్క మాట అనలేదు. బోర్డు మీద గోదావరి నీటిమట్టం చూపే ధవళేశ్వరం గేజీ బొమ్మ వేసి, "కల ఇలాంటిదిరా. లోపల నీళ్ళెంత ఉన్నాయో చెబుతుంది. ఏ గట్టు ఎప్పుడు తెగుతుందో చెప్పదు" అన్నారు. నా వృత్తిలో ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు కనబడలేదు.

తెల్లవారుజాము కలలే ఎక్కువ గుర్తుండటానికి కారణం ఉంది. కళ్ళు చకచకా కదిలే నిద్ర దశను 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రపంచానికి చూపించారు. దాన్నే రెమ్ నిద్ర అంటాం. సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. స్పష్టమైన కలలు ఎక్కువగా అందులోనే. మెలకువకు దగ్గరగా వచ్చినవి కాబట్టి మనసులో నిలుస్తాయి. ఆ దశలో మెదడు ఒంటి కండరాలను కదలనివ్వదు. కళ్ళు తెరిచాక కూడా ఆ పట్టు కాసేపు వదలకపోతే దాన్నే మన వైపు గుండెల మీద దయ్యం కూర్చుందంటారు. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. ప్రాణభయమేమీ లేదు, నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో వీడుతుంది.

పుస్తకం రాసే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది, పిల్లలకు నేర్పేవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నాను. తలగడ పక్కన నోటుబుక్కు, పెన్సిలు. మెలకువ రాగానే కదలకూడదు, పక్కకు ఒత్తిగిలినా సగం పోతుంది. చివరి దృశ్యం ముందు పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. ఐదారు ముక్కలు చాలు, పెద్ద అక్షరాలతో. ఇంకొకరికి చెప్పకముందే రాయాలి, ఎందుకంటే చెబుతూ చెబుతూ కలకు లేని కథ అతుకుతాం. ఇప్పటివాళ్ళు ముందు ఫోను చూస్తారు. కల అక్కడితో సరి.

పెద్ద అక్షరాల నియమం ఎక్కడిదో కప్పను కోసిన రోజున చెప్పారు. ఆస్ట్రియాలో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త, నరం నుంచి గుండెకు కబురు రసాయనం ద్వారా వెళుతుందేమోనని అనుకునేవాడు. ఎలా తేల్చాలో ఒక రాత్రి కలలో తట్టింది. నిద్రమత్తులో చీటీ మీద గీకి పడుకున్నాడు. పొద్దున్న తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అదే కల మళ్ళీ వస్తే ఈసారి నేరుగా ప్రయోగశాలకే వెళ్ళాడు. ఒక కప్ప గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు చేరిస్తే అదీ నెమ్మదించింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది. రసాయనం కబురు అన్న ఆలోచన తనకు ఆ కలకు 17 ఏళ్ళ ముందే ఒకసారి వచ్చిందని లోవీయే రాసుకున్నాడు. అంటే ఏళ్ళ తరబడి లోపల మోస్తున్నదే కలలో బయటపడింది. వింత కలను చదవడం ఇక్కడే మొదలుపెట్టాలని నేనూ నమ్ముతాను.

మాస్టారు అడిగించిన ప్రశ్నలు మూడు. కలలో ఏమనిపించింది, ముందు రోజుల్లో ఏం జరిగింది, ఇదే అనిపించడం ఇంకెప్పుడు ఉంది. పాము వచ్చిందా పళ్ళు ఊడాయా అన్నది ఆ తర్వాత. పాము అంటే పొలం గట్ల మీద తిరిగేవాడికి ఒకటి, డాబా ఇంటి పిల్లకు ఇంకొకటి. ఒక్క కలతో అర్థం తేల్చకూడదు, కనీసం పది పోగవ్వాలి. యాభై దాటాక కూడా హాల్ టికెట్ మరిచిపోయిన కల వస్తోందని మన వాళ్ళు చాలామంది చెబుతారు. ఎక్కడో ఎవరో మనల్ని తూకం వేస్తున్నారనిపించే వారాల్లోనే అది వస్తుంది, గమనించండి.

పీడకలకు ఆయన చేసింది ఇంకా గొప్పది. కల రాయించి, చివర మనకు నచ్చినట్టు మార్చి రాయమన్నారు. లంక పిల్లలు గట్టు తెగిన చోట పడవ తెచ్చిపెట్టారు, ఒకడైతే కాటన్ దొరను గుర్రంతో సహా దింపాడు. మార్చిన కథను రోజూ పది, ఇరవై నిమిషాలు పగటిపూట మనసులో నడిపించాలి. పాత కలను మాత్రం మళ్ళీ తలుచుకోకూడదు. దసరా సెలవులకు బల్లకట్టు బ్యాచి నిద్రపోయింది. ఇదే పద్ధతి పీడకలలను తగ్గిస్తుందని 2001లో అమెరికాలో పెద్ద పరిశోధన వెలువడింది.

మన వయసుకు ఒక హెచ్చరిక. కలలో కొట్లాడుతూ నిజంగానే తన్నడం, అరవడం, మంచం మీంచి పడటం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి. అది కొందరిలో పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు ఏళ్ళ ముందే కనిపించే గుర్తు. అప్పటిదాకా మంచం పక్కన గాజు సామాను ఉంచొద్దు. గురకతో పాటు ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తుంటే నిద్ర పరీక్ష చేయించుకోండి. ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలతోనూ పీడకలలు రావచ్చు, అయినా డాక్టరును అడక్కుండా ఆపకండి.

ఇక కోరిక చీటీ. ఎడమ పక్క కోరిక, కుడి పక్క అడ్డం, కింద "ఎప్పుడైతే, అప్పుడు" అనే వాక్యం. అడ్డం దగ్గర "నాన్న ఒప్పుకోరు" అని రాస్తే చీటీ వెనక్కి వచ్చేది, "నీలో ఉన్న అడ్డం రాయరా అబ్బాయ్" అనేవారు. "బాగా చదువుతాను" అన్నా వెనక్కే, వేళా చోటూ లేవని. మనం కెప్టెన్ అని పిలిచేవాడి కోరిక ఓడ. అడ్డం, ఇంగ్లీషు పేరా చూస్తే వణుకు. కింద వాక్యం, "బల్లకట్టు రేవు వదలగానే ఒక పేరా పైకి చదువుతాను". వాడు ఓడ మీద చీఫ్ ఇంజనీరయ్యాడు, మనం లీడరమ్మ అనే అమ్మాయి ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దయింది. ఇలాంటి "ఎప్పుడైతే" వాక్యాల బలాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో పరిశోధనలన్నీ కూర్చి రాశాడు. ఊరికే తీపి ఊహల్లో తేలితే పని ఇంకా మందగిస్తుందని ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేల్ ఓటింగెన్ చూపించింది. అందుకే అడ్డం గడి వదలకూడదు.

రిటైరవబోయేవాళ్ళు ఆ చీటీ మళ్ళీ రాయండి. "సంగీతం నేర్చుకోవాలి" అని కాదు, "ఏడాదిలో ఐదు కీర్తనలు పాడగలగాలి" అని. అడ్డం, సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే లేవబుద్ధి కాకపోవడం. వాక్యం, "కాఫీ గ్లాసు కింద పెట్టగానే శ్రుతిపెట్టె వేస్తాను". రెండు వారాలు చూసినా సాగకపోతే కోరికను కొట్టెయ్యకండి, "ఎప్పుడైతే" ముక్క మార్చి ఇంకో వేళ పెట్టండి.