పిండంతే నిప్పటి

ఉగాది వచ్చిందంటే చాలు, దేవుని కడప వెంకన్న గుడి ముందు బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు వరుసలో నిలబడిన ఫోటో ఒకటి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. కింద 'అన్ని మతాలూ ఒకటే' అని రాస్తారు, దానికి ముప్పై నలభై దండాలు. మళ్లీ వారానికే అదే గ్రూపులో ఖాళీగా ఉన్న ఫ్లాటు ఎవరికి అద్దెకియ్యాలి, ఎవరికి ఇయ్యకూడదు అని చర్చ. నాకు ఒళ్లు మండుతుంది. ఇంకా ఎక్కువ మండేది ఎప్పుడంటే, ఆ ఫోటోకి అన్నమయ్య 'ఎంత మాత్రమున ఎవ్వరు తలచిన అంత మాత్రమే నీవు' కీర్తన అతికించి పంపినప్పుడు. ఎవరు ఎట్లా తలచుకున్నా పర్వాలేదులే అని మనల్ని జోకొట్టే పాట అనుకుంటున్నారు దాన్ని. నాకైతే అందులో చురకే వినపడుతుంది.

పల్లవిలో రెండో పాదం చూడండి. 'అంతరాంతరములెంచి చూడ పిండంతే నిప్పటి అన్నట్లు'. తాళ్లపాకాయన కదా, పరతత్వం చెప్పడానికి నేరుగా వంటింట్లోకి పోయినాడు. మా ఇండ్లల్లో నిప్పట్లు చేసేది చూసినోళ్లకి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, నువ్వులు, కారం, ఒక గరిటె కాగిన నూనె వేసి కలిపి, ఉండ చేసి, తడిగుడ్డ మీద వేళ్లతో వత్తాలి. చిన్నప్పుడు నేనూ పక్కన చేరి గోలీకాయంత పిండి తీసుకుని వత్తేదాన్ని. జేజి, అంటే మా నాయనమ్మ, వత్తినంత పెద్దది కావాలని ఇంకా ఇంకా వత్తితే నడుమ చినిగిపోయేది, నూనెలో వేస్తే ముక్కలై తేలేది. ఏడుస్తుంటే మా జేజి అనేది, "నూనెనేమంటావే, బాండ్లి ఇంత పెద్దదుంది కదా. నువ్వు తీసుకున్న పిండే అంత."

ఆ మాట ఈ కీర్తనకి ఇంత దగ్గరగా ఉందని నాకు యాభై ఏండ్లు దాటాక గానీ తట్టలేదు. చివరి చరణంలో 'నీవలన కొరతే లేదు' అంటాడే, అదే జేజి చెప్పిన బాండ్లి. వైష్ణవులు విష్ణుడన్నారు, వేదాంతులు పరబ్రహ్మమన్నారు, శైవులు శివుడన్నారు, కాపాలికులు ఆదిభైరవుడన్నారు, శాక్తేయులు శక్తి అన్నారు అని వరసపెట్టి చెప్పి, అందరూ పాసే అని వదిలేశాడా? లేదే. అల్పబుద్ధితో తలచినవాళ్లకు నువ్వు అల్పుడివే అవుతావు అని మొహమాటం లేకుండా అనేశాడు. కొరత ఏదైనా ఉంటే మన పిండి దగ్గరే.

దేవుణ్ని గట్టిగా తలచినోళ్లు ఒకే మాట చెప్పలేదండీ, ఆ సంగతి ముందు ఒప్పుకోవాలి. మంత్రాలయం పోతాం కదా, ఆదోని నవాబు ఇచ్చిన మంచాల అనే ఊరే అది, రాయరు, అంటే రాఘవేంద్రస్వామి, 1671లో బృందావనంలో ప్రవేశించిన చోటు. నవాబు ఇచ్చిన నేల మీద కూచున్నాడని ఆయన తన మధ్వ సిద్ధాంతాన్ని రవ్వంత కూడా సడలించుకోలేదు. హరి ఒక్కడే స్వతంత్రుడు, జీవుడు ఎప్పటికీ ఆయన చేతిలోవాడే, ముక్తి వచ్చినా ఇద్దరూ ఒకటి కారు. అక్కడ బాగ్దాదులో హల్లాజ్ అనే సూఫీ 'అనల్ హఖ్', నేనే సత్యాన్ని, అన్నాడు. 922లో ఆయన ప్రాణం తీశారు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి 'మీరిద్దరూ చెప్పింది ఒకటే స్వామీ' అని చూడండి, ఇద్దరూ ఒప్పుకోరు. జర్మనీలో ఎక్‌హార్ట్ అనే క్రైస్తవ సన్యాసి అయితే, దేవుడి నుంచి నన్ను విడిపించమని ఆ దేవుణ్నే వేడుకున్నాడు. తన తలపులో పట్టినంత దేవుడితో ఆయనకి తృప్తి కలగలేదు. బస్రాలో రాబియా అనే సూఫీ ఆమె, నరకం భయంతో నిన్ను కొలిస్తే నన్ను నరకంలోనే కాల్చు, స్వర్గం మీద ఆశతో కొలిస్తే ఆ స్వర్గం నాకు దక్కనీకు అంది. స్పెయిన్‌లో 16వ శతాబ్దంలో అవిలా తెరెసా అనే క్రైస్తవ సన్యాసిని తన తోటి సన్యాసినులకు, వంటపని పడిందని బాధపడొద్దు, కుండల మధ్య చట్ల మధ్య కూడా ప్రభువు తిరుగుతుంటాడు అని రాసింది. (మా జేజికీ ఈమెకీ బాగా పొసిగేది.) ఒకరి మాటకి ఇంకొకరి మాట కలవదు. కానీ వీళ్లలో ఒక్కరైనా గోలీకాయంత పిండితో వచ్చారా? ఇంట్లో ఉన్నదంతా తెచ్చి పోశారు.

అందుకే చెప్తున్నా, ఆ 'అన్నీ ఒకటే' మెసేజ్ పంపేముందు మీ దేవుడి దగ్గర మీరు ఒక్క పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి కూచోండి. గంగ ఒడ్డున ఉన్న బావుల్లో ఆ గంగనీళ్లే ఊరినట్టు అంటాడు అన్నమయ్య. మన పెన్నలో చెలమలూ అంతే. కానీ ఇసుక తోడాలి, గోళ్లలో ఇసుక దూరాలి, బురదనీళ్లు తేరుకునేదాకా కాచుకోవాలి. గట్టు మీద నిలబడి అన్ని చెలమల్లోనూ నీళ్లు ఒకటేనండీ అంటే గొంతు తడవదు.

ఇన్ని చెప్పి చివర్లో ఆయన నీ శరణంటున్నా, 'ఇదియే పరతత్వము నాకు' అన్నాడు. ఆ 'నాకు' దగ్గర నేను ఆగిపోతా. లోకానికంతా ఇదే అనలేదు మహానుభావుడు.

ఇంత మాట్లాడుతున్నా గదా, నా పిండి ఎంతో కూడా చెప్పాలి. పోయిన ఉగాదికి దేవుని కడపలో వరుసలో నిలబడినా. చేతిలో మావాడి పరీక్ష హాల్ టికెట్ జిరాక్స్, స్వామి పాదాల దగ్గర పెట్టిద్దామని. నా ముందు బురఖాలో ఒక ముసలామె, కొబ్బరికాయ పొట్టకి అదుముకుని, గర్భగుడి ముందుకి వచ్చాక ఇంక కదలదే. ఎండ, కాళ్ల నొప్పులు, వెనకనుంచి తోపులాట. "తొందరగా కానీమ్మా" అన్నా, కొంచెం విసుగ్గానే.

"రవ్వంత ఉండు బిడ్డా, మా అల్లుని మొగం సరిగ్గా కనపడల్యా" అంది.

వెంకన్న పెండ్లాడిన బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ కదా మరి. అయ్యవారు హారతి ఎత్తినప్పుడు ఆ వెలుగులో తేరిపార చూసి, "బాగుండాడు" అని తనలో తనే అనుకుని పక్కకి జరిగింది. ఏమీ అడగలేదు. అల్లుణ్ని అడిగేదేముంటుంది, బాగున్నాడో లేడో చూసి పోతారు. నేనేమో ముప్పై ఏండ్లుగా ఆయన దగ్గరికి కలెక్టరాఫీసుకి అర్జీ తీసుకుపోయినట్టే పోతున్నా. మా ఇంటాయన ట్రాన్స్‌ఫరు, ఇంటి లోను, ఇప్పుడు వీడి పరీక్ష.

నా వంతు వచ్చింది. ఆ జిరాక్స్ చేతిలో అట్లే ఉంది, ముందుకి చాపబుద్ధి కాలేదు, వెనక్కి తీసుకోబుద్ధీ కాలేదు. వెనకాయన అన్నాడు, "తొందరగా కానీమ్మా."