పన్నెండు డిగ్రీల చలి: సిరోస్ ద్వీపంలో మా మొదటి శీతాకాలం

ఆగస్టు నెలాఖరున, చొక్కా వీపుకు అంటుకుపోయేంత ఎండలో, సిరోస్ ద్వీపంలోని ఎర్ముపోలి పట్టణంలో మేము అద్దె ఇంటి తాళాలు తీసుకున్నాము. డెబ్బై ఏళ్లు దాటిన ఇంటి యజమానురాలు తాళాలు నా చేతిలో పెడుతూ "కలో హిమోనా" అన్నారు. శుభ శీతాకాలం అని దాని అర్థం. ఆగస్టు పండుగలు ముగిసి సెప్టెంబరు దగ్గరపడగానే గ్రీసు దేశంలో ఒకరికొకరు ఇలా చెప్పుకోవడం ఆనవాయితీ అని మా ఆవిడ వివరించింది. శీతాకాలాన్ని గ్రీకులో హిమోనాస్ అంటారు. మన హిమమూ హేమంతమూ ఆ మాటకు దూరపు చుట్టాలే. "చలికాలం చల్లగా గడవాలి" అని నేను దానిని తెలుగులోకి మార్చి, నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. చల్లగా ఉండమనడం దీవెన ఎలా అయిందో డిసెంబరు వచ్చేసరికి నాకు బొత్తిగా అర్థం కాకుండా పోయింది.

మా ఆవిడకు ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన పని దొరకడం వలన మేము ఈ ద్వీపానికి వచ్చాము. నేను హైదరాబాద్‌లోని ఒక సంస్థకు ఇంటి నుంచే పని చేస్తాను. సిరోస్ జనాభా సుమారు 21 వేలు; సిక్లదీస్ అనే ఈ దీవుల సముదాయానికి ఇదే పరిపాలనా కేంద్రం కాబట్టి, వేసవి యాత్రికులు వెళ్లిపోగానే తలుపులు మూసుకునే ఊరు కాదు. కార్యాలయాలు, బడులు, 1864లో కట్టిన అపోలో నాటకశాల, ఓడలు మరమ్మతు చేసే రేవు, అన్నీ చలికాలంలో కూడా నడుస్తూనే ఉంటాయి. జనవరి సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. పుట్టి పెరిగినది ఆదిలాబాద్‌లో. అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల కంటే దిగువకు పడిపోయిన రోజుల్లో కూడా చలిమంట దగ్గర కాసేపు చేతులు కాచుకుని సైకిలు మీద బడికి వెళ్లినవాడిని. అందుచేత పెట్టెలో రెండు స్వెట్టర్లు మాత్రమే పెట్టుకుని, మిగిలిన చోటంతా అప్పడాలకు, వడియాలకు, పచ్చళ్లకు కేటాయించాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఇల్లు. కొత్త ఇళ్లకు ఉష్ణరక్షణ, అంటే వేడినీ చలినీ ఆపే ఏర్పాటు, తప్పనిసరి చేస్తూ గ్రీసులో 1979లో నిబంధనలు వచ్చాయి. మా ఇల్లు అంతకు చాలా ముందు కట్టినది. మూరెడు మందం రాతి గోడలు, ఎత్తయిన కప్పు, మొజాయిక్ నేల, చెక్క తలుపుల కిటికీలు, కొండవాలుకు ఆనుకుని ఉత్తరపు గోడ. సెప్టెంబరులో ఆ నేల మీద చాప పరుచుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. కాని ఎండను లోపలికి రానీయకుండా ఉండేందుకే అన్ని విధాలా ఆలోచించి కట్టిన ఇల్లు, నవంబరు తర్వాత కూడా అదే పనిని అంతే నిష్ఠగా చేస్తూ పోతుంది.

ఏడాదంతా ఈ దీవుల్లో కురిసే వాన తెలంగాణలో కురిసే దానిలో సగం కూడా ఉండదు. అయితే ఆ కాస్త వానా దాదాపుగా శీతాకాలంలోనే పడుతుంది. వేసవిలో మోడువారి గోధుమరంగులో ఉన్న కొండలు నవంబరు వానలకు పచ్చబడతాయి. చలికాలమంటే చెట్లు ఎండిపోవడమని అనుకునేవారికి ఇది తలకిందుల లోకం. నాకు మాత్రం ఆ వానల సంగతి ముందుగా వంటింట్లో తెలిసింది. డబ్బాలో అప్పడాలు తడిగుడ్డల్లా వాలిపోయాయి. ఉప్పు గడ్డకట్టింది. ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగలేదు. చివరకు ఓవెనులో దీపం మాత్రం వెలిగించి, గిన్నెకు తువ్వాలు చుట్టి లోపల ఉంచడం అలవాటు చేసుకున్నాము. ఇక్కడ ఉదయం ఆరున్నర అయితే హైదరాబాద్‌లో పది గంటలు. చీకటి ఉండగానే లేచి పనికి కూర్చుంటే గదిలో 13 డిగ్రీలు. కాళ్లకు రెండు జతల మేజోళ్లు, భుజాల మీద రగ్గు. మధ్యాహ్నం బయటకు వెళితే లోపలికంటే బయటే వెచ్చగా ఉండేది. ఇంట్లోకి రాగానే కోటు తొడుక్కోవడం, బయటకు వెళ్లేటప్పుడు విప్పడం, ఇదీ మా వరుస.

డిసెంబరు మొదటి వారంలో మా ఆవిడ ఉత్తరపు గోడకు ఆనించిన బీరువా తెరిచి, మాట్లాడకుండా నన్ను పిలిచింది. పెళ్లినాటి పోచంపల్లి పట్టుచీర మడత మీద బూడిదరంగు మచ్చలు, వేలితో తాకితే మెత్తగా పొడిలా రాలుతున్నాయి. బీరువాను ముందుకు జరిపి చూస్తే దాని వెనుక గోడ మీద నడుము ఎత్తు వరకు నల్లటి బూజు. యజమానురాలిని పిలుచుకుని వచ్చాము. ఆవిడ గోడను ఒకసారి చూసి, చీరను చాలాసేపు చూసి, "ఇగ్రసియా" అన్నారు. తేమ అని అర్థం. ఆ ఒక్క మాటను ఆ శీతాకాలంలో నేను కూరగాయల అంగడిలో, మందుల దుకాణంలో, బస్సులో, చివరకు చర్చి మెట్ల మీద కూడా విన్నాను. మోకాళ్ల నొప్పికి, తలుపు బిగుసుకుపోవడానికి, గిటారు శ్రుతి తప్పడానికి అన్నిటికీ ఇక్కడ కారణం అదే.

వేడి లేకపోవడమే సమస్య అనుకుని నేను మొదట చేసినది తప్పు. పొరుగువారి దగ్గర సిలిండరుతో నడిచే గ్యాస్ హీటరు అరువు తెచ్చాను. గది వెచ్చబడింది, కిటికీ అద్దాల మీద నీళ్లు ధారలు కట్టాయి, వారం తిరిగేసరికి బూజు రెండో గోడకు పాకింది. తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, పొగగొట్టం లేని ఆ హీటరులో ఒక కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరై గదిలోనే ఉండిపోతుంది. ఆ ఆవిరి వెళ్లి అన్నిటికంటే చల్లగా ఉన్న గోడను పట్టుకుంటుంది. దానికి తోడు మేము తడిబట్టలు కూడా అదే గదిలో ఆరవేస్తున్నాము. పైగా కిటికీలు మూసిన గదిలో అటువంటి హీటరు పెట్టుకోవడం ప్రాణాపాయం. ఆ సంగతి ముందే తెలిసి ఉండవలసింది. మరునాడే దానిని తిరిగి ఇచ్చివేశాను.

అప్పుడు కొన్నది గాలిలోని తేమను లాగే యంత్రం, డీహ్యూమిడిఫయరు. వీటిలో రెండు రకాలు ఉంటాయి: ఫ్రిజ్ వలె చల్లటి తీగచుట్ట మీద తేమను నీరుగా మార్చేవి ఒకటి, తేమను పీల్చే పదార్థంతో పనిచేసేవి మరొకటి. మొదటి రకం చల్లటి గదుల్లో అంతగా పని చేయదు కాబట్టి, విద్యుత్తు ఎక్కువ తిన్నా మేము రెండవ రకాన్నే తీసుకున్నాము. మొదటి రాత్రి దానిని పడకగదిలో ఉంచి, తెల్లవారి తొట్టె తీసి చూస్తే అంచు వరకు నీళ్లు, రెండు లీటర్లకు తక్కువ ఉండవు. మేము ఇన్ని రోజులూ ఆ నీళ్లలోనే పడుకున్నామన్నమాట. నాలుగైదు రోజులకు గదిలో తేమ 84 శాతం నుంచి 60కి దిగింది. ఉష్ణోగ్రత పెరిగింది ఒకటి రెండు డిగ్రీలే, అయినా దుప్పటి పొడిగా, వెచ్చగా తగిలింది. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలను ఓర్చుకున్న శరీరం ఇక్కడ 12 డిగ్రీలకు ఎందుకు లొంగిపోయిందో అప్పుడు బోధపడింది. అక్కడి చలి పొడి చలి, ఎండ రాగానే వదిలిపోయేది; ఇది బట్టల్లోనూ పరుపులోనూ దాక్కునే చలి.

గాలిని చదవడం మాత్రం యజమానురాలే నేర్పారు. ఒకనాడు బయట హోరుమని చల్లటి గాలి వీస్తుంటే ఆవిడ మా కిటికీలన్నీ బార్లా తెరిచారు. నేను వణుకుతూ అడ్డుపడితే, "ఇది వొరియాస్, ఉత్తరపు గాలి. పొడిగా ఉంటుంది. పది నిమిషాలు తెరిచి మూసెయ్యి నాయనా" అన్న అర్థం వచ్చేలా చేతులతో చెప్పారు. రెండు రోజుల తర్వాత బయట ఆహ్లాదంగా 18 డిగ్రీలు ఉంది కదా అని నేనే కిటికీలు తెరిస్తే, పైఅంతస్తు నుంచి కేక వేసి మూయించారు. అది నొత్యాస్, సముద్రం మీదుగా తేమను మోసుకువచ్చే దక్షిణపు గాలి. ఆ వెచ్చటి తడిగాలి చల్లటి గోడలను తాకితే గోడలకు చెమట పడుతుంది. మన కవులకు దక్షిణపు గాలి అంటే మలయమారుతం. వారు ఒక్క శీతాకాలం ఈ దీవుల్లో అద్దెకు ఉండి చూడవలసింది.

నీళ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. మిద్దె మీద సూర్యరశ్మితో నీళ్లు కాగే తొట్టె ఉంది. మబ్బు పట్టిన రోజున స్విచ్చు వేసి అరగంట ఆగాలి, ఆ తర్వాత మరిచిపోకుండా తీసివేయాలి. నేను రెండుసార్లు మరిచిపోయాను, కరెంటు బిల్లు నాకు గుర్తు చేసింది.

పాలరాయి పరిచిన ఎర్ముపోలి వీధులు వానకు తడిస్తే నూనె పూసినట్లు జారుతాయి. మియావులి చౌకు దగ్గర మెట్ల మీద ఒకసారి కూలబడ్డాక, రబ్బరు అడుగున్న బూట్లు కొనుక్కున్నాను. అంతకంటే పెద్ద పాఠం జనవరి మొదటి వారం దాటాక పిరెయస్ రేవులో నేర్చుకున్నాను. పాస్‌పోర్టు పని మీద ఏథెన్స్ వెళ్లి, తిరుగు ఓడ కోసం రేవుకు వస్తే టికెట్టు కిటికీలోని అమ్మాయి తల అడ్డంగా ఊపి, "అపగొరెఫ్టికో" అంది. ఓడల ప్రయాణంపై నిషేధమని అర్థం. గాలి బ్యూఫోర్ట్ కొలత మీద 8కి, అంటే గంటకు 62 కిలోమీటర్లకు పైబడి వీస్తుందని సూచన వస్తే సాధారణంగా తీర రక్షక దళం ఓడలను ఆపుతుంది. తేలికపాటి వేగనౌకలు ఇంకా ముందే ఆగిపోతాయి. నాలుగు గంటల ప్రయాణానికి నేను రెండు రాత్రులు ఎదురు చూశాను. నా పక్కనే వరుసగా నిలిచిన లారీలలో ఒకదాని డ్రైవరు, వెనుక తలుపు కొద్దిగా తెరిచి పాలకూర కట్టలు వాడిపోతున్నాయేమో చూసుకుంటున్నాడు. అదే సాయంత్రం మా ఆవిడ ఫోను చేసి, దుకాణంలో ఆకుకూరల అరలు ఖాళీగా ఉన్నాయని, క్యాబేజీ, బంగాళాదుంపలు మాత్రమే మిగిలాయని చెప్పింది. ఆ అరలలో ఉండవలసిన కూర నా కళ్లెదుటే వాడుతోంది.

ద్వీపవాసులు దీనికి కంగారుపడరు. యజమానురాలు కొండవాలున ఏరిన అడవి ఆకుకూర ఒక సంచెడు మా ఆవిడకు ఇచ్చారట. వారు దానిని ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పిండి తింటారు. మా ఆవిడ కందిపప్పులో వేసి వెల్లుల్లి పోపు పెట్టింది. నేను చేరేసరికి కొంచెం మిగిల్చి ఉంచింది, చిరుచేదుగా బాగుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చే వారపు గాలి సూచన చూసి సరుకులు తెచ్చుకుంటున్నాము, అవసరమైన మందులు నెలకు సరిపడా ఉంచుకుంటున్నాము, ఏథెన్స్‌లో ఏ పని ఉన్నా ముందూ వెనుకా రెండేసి రోజులు వదిలి పెట్టుకుంటున్నాము.

జనవరి మధ్యలో ఒక ఉదయం గాలి హఠాత్తుగా ఆగిపోయింది. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా నిలిచింది. ఇవే అల్కియోనిదేస్ రోజులు. గాలుల దేవుడి కూతురు అల్కియోనే లకుముకి పిట్టగా మారిందని, ఆమె గూడు కట్టుకుని పొదిగేందుకు గాలులు ఆగుతాయని ఇక్కడి పురాణ కథ. అరిస్టాటిల్ కాలంలోనే వీటిని శీతకాలపు అయనాంతానికి ముందు ఏడు రోజులు, తరువాత ఏడు రోజులని లెక్కకట్టారు. నేడు జనం జనవరిలోనే ఎక్కువగా ఎదురు చూస్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ వారం రోజులూ వీధిలో ప్రతి బాల్కనీ మీదా పరుపులు, రగ్గులు, దిండ్లు ఎండకు వేలాడాయి. మేము కూడా మా పరుపును ఇద్దరమూ చెరొక పక్కా పట్టి మిద్దె మీదకు ఎక్కించాము. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, గోడను బ్లీచింగు నీళ్లతో తుడిచి ఆరబెట్టాను. చీర మీది మచ్చలలో చాలావరకు పోయాయి. కొంగు దగ్గర రెండు మాత్రం మిగిలాయి.

మార్చి 1న యజమానురాలు మా ఇద్దరి మణికట్లకూ ఎరుపు, తెలుపు నూలు పేని చేసిన దారాలు కట్టారు. మార్తిస్ అంటారు దీనిని. వరలక్ష్మీ వ్రతం తోరం గుర్తుకు వచ్చి మా ఆవిడ కళ్లు చెమర్చాయి. చలి వెళ్లిపోయిందన్న ధైర్యంతో నేను ఆ రోజే విద్యుత్ రేడియేటరును అటక మీదకు ఎక్కిస్తుంటే, యజమానురాలు కింద నిలబడి ఒక సామెత చెప్పారు: మార్చి చర్మం ఒలుస్తుంది, పందిరి గుంజలను కూడా కాల్పిస్తుంది. కట్టెలన్నీ అయిపోయాయని తెలిసి కూడా వచ్చే చలి అన్నమాట. మూడవ వారంలో ఆఫ్రికా ఎడారి దుమ్ముతో ఆకాశం పసుపుగా మారి, ఆరవేసిన బట్టల మీద ఎర్రటి బురద చినుకులు పడ్డాయి. వాటిని మళ్లీ ఉతికి ఆరవేసేలోగా ఉత్తరపు గాలి తిరిగింది. ఆ రాత్రి నేను నిచ్చెన వేసుకుని రేడియేటరును దించుతున్న చప్పుడుకు పైఅంతస్తులో ఆవిడ నవ్వడం కప్పు గుండా వినిపించింది.