జిప్సీలో పెట్టిన బాలెనో ఇంజన్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్: నా అనుభవం

మారుతీ జిప్సీలో ఉన్న 1298 సీసీ ఇంజన్ దించేసి పాత బాలెనో 1590 సీసీ ఇంజన్ ఎక్కించడం ఆఫ్‌రోడ్ వాళ్లకు కొత్తేమీ కాదు. రెండూ సుజుకీ జి సిరీస్ ఇంజన్లే కాబట్టి గేర్‌బాక్స్ దగ్గర పెద్ద పేచీ రాదు. పేచీ అంతా ముందు వైపే. జిప్సీలో ఇంజన్ పొడవునా కూర్చుంటుంది, ఫ్యాన్ వాటర్ పంప్ ముక్కు మీద, జిగట ద్రవం పట్టుతో తిప్పే విస్కస్ కప్లింగ్‌తో తిరుగుతుంది. బాలెనోలో అదే ఇంజన్ అడ్డంగా ఉండేది, ఫ్యాన్ కరెంటుది. అందుకే ఇంజన్‌తో పాటు ఫ్యాన్‌ను కూడా ఎలక్ట్రిక్‌కు మార్చాను. ఇంజన్ మార్పిడికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో మార్పు తప్పనిసరి. అది వేరే కథ, ఇక్కడ ఫ్యాన్ సంగతే.

ఫ్యాన్ కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బండి ఎప్పుడు వేడెక్కుతోంది? హైవే మీద 80లో పోతుంటే వేడి చూపించే ముల్లు పైకి లేస్తే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఉపయోగం లేదు. ఆ వేగంలో రేడియేటర్‌కు గాలి దానంతటదే దూరుతుంది, ఫ్యాన్ పని దాదాపు సున్నా. తప్పు పూడిపోయిన రేడియేటర్‌లోనో, వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదలాల్సి ఉండి సగమే తెరుచుకునే థర్మోస్టాట్‌లోనో, పీల్చుకుపోయి అణిగే కింది హోస్‌లోనో ఉంటుంది. సిగ్నల్ దగ్గర, ఇసుకలో, 4ఎల్ (నాలుగు చక్రాల లో గేర్) వేసి కొండ ఎక్కేటప్పుడు వేడెక్కితేనే అది ఫ్యాన్ సమస్య. 4ఎల్‌లో ఇంజన్ 3000 తిరుగుతూ బండి మాత్రం చాలా నిదానంగా కదులుతుంది. ఫ్యాన్‌కు అసలు పరీక్ష అదే.

ఎంత గాలి కావాలో లెక్క కష్టమేమీ కాదు. నిమిషానికి 1000 ఘనపుటడుగుల గాలి అంటే సెకనుకు సుమారు 0.47 ఘనపు మీటర్లు. విజయవాడ మే నెల ఎండలో 45 డిగ్రీల గాలి రేడియేటర్ దాటి 75 డిగ్రీలకు చేరిందనుకుంటే, ఆ గాలి మోసుకుపోయే వేడి దాదాపు 15 కిలోవాట్లు. నిదానంగా పాకే జిప్సీకి అది సరిపోతుంది. చిక్కంతా డబ్బా మీద అంకెతోనే. కంపెనీలు రాసేది ముందు ఏ అడ్డూ లేనప్పటి గాలి. ఏసీ కండెన్సర్, రేడియేటర్ జాలి రెండింటి గుండా లాగాల్సి వస్తే అందులో సగం, మహా అయితే అరవై శాతం వస్తుంది. అందుకని 1000 కావాలంటే డబ్బా మీద 1800 పైన ఉన్నది తీసుకోవాలి. డబ్బా మీద అంకె కన్నా మోటార్ ఎన్ని ఆంపియర్లు తాగుతుందో చూడటం నమ్మకమైన పద్ధతి. పద్నాలుగు అంగుళాల ఫ్యాన్ 6 ఆంపియర్లకే 2000 గాలి తోస్తుందని రాసి ఉంటే నమ్మొద్దు, ఆ గాలికి దానికి రెండింతలకు పైనే కరెంటు కావాలి. నేను వాడింది 14 అంగుళాల పుల్లర్. డీసీ క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే తిరిగేటప్పుడు 18 ఆంపియర్లు, స్టార్ట్ అయ్యే క్షణంలో 40 దాటింది.

పుల్లర్ అంటే రేడియేటర్ వెనక, ఇంజన్ వైపు నుంచి గాలిని లాగేది. ముందు నుంచి తోసే పుషర్‌ను వెనక చోటు బొత్తిగా లేకపోతేనే వాడాలి. ఎందుకంటే అది ఆగి ఉన్నప్పుడు కూడా హైవే గాలికి అడ్డంగా నిలబడుతుంది. కొనే ముందు రేడియేటర్ జాలి నుంచి వాటర్ పంప్ పుల్లీ దాకా కొలవండి. అందులోంచి కనీసం 20 మిల్లీమీటర్లు వదిలేయాలి, గేర్ వేసి గుంజినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద కదులుతుంది. మోటార్ బుడిపె పుల్లీకి ఎదురుగా వస్తే ఫ్యాన్‌ను పక్కకు జరిపి కూర్చోబెట్టండి, మధ్యలోనే ఉండాలన్న నియమం లేదు.

పాత ఫ్యాన్ విప్పేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. కప్లింగ్‌ను, పుల్లీని పట్టుకునేవి ఒకే నాలుగు స్టడ్లు. కప్లింగ్ అంచు మందం తీసేశాక అవే నట్లు బిగిస్తే మర చివరికి వెళ్లి ఆగిపోతాయి. బిగిసినట్టే ఉంటుంది, పుల్లీ మాత్రం వదులే. తీసిన అంచు ఎంత మందమో అంత మందం స్టీలు వాషర్లు వేసి బిగించాలి. బెల్ట్ చప్పుడు చేస్తోందని బెల్ట్ మార్చే ముందు అది చూసుకోండి.

ఇక ష్రౌడ్, అంటే గాలి జాలి అంతటి నుంచీ ఫ్యాన్‌కు వచ్చేలా కప్పే పెట్టె. ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టింది దీనికే, ఫలితం కూడా ఎక్కువ దీనివల్లే. ఫ్యాన్‌ను నేరుగా జాలికి అంటించి పెడితే ఆ 14 అంగుళాల గుండ్రానికి ఎదురుగా ఉన్న జాలి మాత్రమే చల్లబడుతుంది, నాలుగు మూలలూ వృథా. 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో రేడియేటర్ జాలి అంతా కప్పే పెట్టె చేయించాను. ఆటోనగర్‌లో రేకు వంచే బ్రేక్ ఉన్న షాపుకు అట్ట నమూనా కోసి ఇస్తే చాలు. జాలికీ ఫ్యాన్ రింగుకూ మధ్య 40 మిల్లీమీటర్ల లోతు ఉంచాను. 25 కన్నా తగ్గితే మూలల నుంచి గాలి రాదు. పెట్టె అంచు జాలికి తగిలే చోట తలుపుల రబ్బరు బీడింగ్ ఎక్కించాలి, లేకపోతే జాలి గుండా రావాల్సిన గాలి ఆ సందులోంచి వచ్చేస్తుంది.

పెట్టె మూసేస్తే హైవే మీద గాలి బయటికి పోయే దారి తగ్గుతుంది. అందుకని కింది రెండు మూలల్లో, పై ఒక మూలలో 80 బై 60 మిల్లీమీటర్ల కిటికీలు కోసి, ఇంజన్ వైపు నుంచి లారీ ట్యూబు రబ్బరు ముక్కలు పై అంచు మాత్రమే రివెట్ కొట్టి వేలాడదీశాను. ఫ్యాన్ తిరిగితే ఆ లాగుడుకు రబ్బరు అతుక్కుని కిటికీ మూసుకుంటుంది, వేగంలో గాలి తోసి తెరుస్తుంది. ఇంకో దొంగదారి కూడా ఉంది. రేడియేటర్ పక్కల, పైన ఉన్న ఖాళీల్లోంచి బానెట్ కింది వేడి గాలి మళ్లీ ముందుకొచ్చి, ఫ్యాన్ దాన్నే తిరిగి లాగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఆ ఖాళీలన్నీ ఫోమ్‌తో మూసేయండి.

జాలి గుండా దూర్చి బిగించే ప్లాస్టిక్ పిన్నులు ఫ్యాన్‌తో పాటు ఇస్తారు. వాటిని చెత్తబుట్టలో వేయండి. జిప్సీ ఊగే ఊపుకు అవి ట్యూబులను రాసి రాసి చిల్లు పెడతాయి. ఫ్యాన్‌ను ష్రౌడ్‌కు, ష్రౌడ్‌ను రేడియేటర్ పక్క పట్టీలకు ఎం6 బోల్టులు, రబ్బరు బుష్షులు, ఊపుకు వదులవని నైలాక్ నట్లతో బిగించాలి.

ఉష్ణోగ్రత స్విచ్ దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. జిప్సీ రేడియేటర్‌కు మొదటి నుంచీ బెల్టు ఫ్యానే కాబట్టి స్విచ్ పెట్టే చోటు ఉండదు. రేడియేటర్ షాపులో కింది ట్యాంకుకు మర బుష్ వెల్డ్ చేయించవచ్చు, లేదా పై హోస్ కోసి మధ్యలో మర ఉన్న అల్యూమినియం గొట్టం పెట్టవచ్చు. నేను రెండోది ఎంచుకున్నాను, ఇంజన్‌లోంచి అప్పుడే వచ్చిన కూలెంట్ వేడి నేరుగా తెలుస్తుంది కాబట్టి. ఏ చోటు ఎంచుకున్నా అంకె దానికి తగ్గట్టు మారాలి. కింది ట్యాంకులో కూలెంట్ అప్పటికే ఏడెనిమిది డిగ్రీలు చల్లబడి ఉంటుంది. అక్కడ 92కు ఆన్ అయ్యే స్విచ్ పెడితే ఇంజన్ 100కు చేరినట్టే.

సూత్రం ఒక్కటే: ఫ్యాన్ ఆఫ్ అయ్యే ఉష్ణోగ్రత, థర్మోస్టాట్ తెరుచుకునే ఉష్ణోగ్రత కన్నా పైన ఉండాలి. థర్మోస్టాట్ మీద 82 అని కొట్టి ఉంటే అది తెరుచుకోవడం మొదలయ్యేది 82కి, పూర్తిగా తెరుచుకునేది 95 దగ్గర. పై హోస్‌లో 85కి ఆన్, 80కి ఆఫ్ పెట్టారనుకోండి, థర్మోస్టాట్ ఇంజన్‌ను 80కి దిగనివ్వదు, ఫ్యాన్ ఆగదు. ‘ఎప్పుడూ తిరుగుతూనే ఉంది, అంటే బాగా పనిచేస్తోంది’ అనుకుంటారు. ఆల్టర్నేటర్, బ్రష్షులు అరుగుతుంటాయి అంతే. 95కి ఆన్, 90కి ఆఫ్ అయ్యే రెండు టెర్మినళ్ల స్విచ్ నాకు సరిపోయింది. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్, మల్టీమీటర్ పెట్టి చూడండి. రెండు మూడు డిగ్రీల తేడా మామూలే, అంతకన్నా ఎక్కువుంటే తిరిగి ఇచ్చేయండి. ఒకే టెర్మినల్ ఉన్న స్విచ్ తన ఒంటి ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. దాని మరకు టెఫ్లాన్ టేపు చుట్టినా, రబ్బరు హోసుల మధ్య వేలాడే అల్యూమినియం గొట్టంలో విడి ఎర్త్ వైరు లేకుండా పెట్టినా అది పని చేయదు.

వైరింగ్‌లో ముఖ్యం మోటార్ దగ్గర ఎంత వోల్టేజ్ మిగిలిందన్నదే. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీటరుకు దాదాపు 11.7 మిల్లీ ఓములు. పోను రాను నాలుగు మీటర్లు, 18 ఆంపియర్లు అంటే 0.84 వోల్టులు దారిలోనే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 చిల్లర. దానికి తోడు తుప్పు పట్టిన ఎర్త్, వదులు లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) కలిస్తే మోటార్‌కు 12 కూడా అందదు, గాలి పదిహేను శాతం దాకా పడిపోతుంది. ఫ్యాన్ బలహీనంగా ఉందని కొత్తది కొనేవాళ్లు ముందు ఫ్యాన్ కనెక్టర్ దగ్గరే, అది తిరుగుతుండగా, మీటర్ పెట్టి చూడాలి. ఇంజన్ ఆన్‌లో 13 పైన రావాలి.

నా వైరింగ్ ఇలా ఉంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) 30 నంబరు కాలికి, 87 నుంచి ఫ్యాన్‌కు. ఫ్యాన్ ఎర్త్ ఛాసిస్ రేకుకు కాకుండా ఇంజన్ బ్లాక్ ఎర్త్ ఉన్న బోల్టుకే. రిలే కాయిల్ కాళ్లు 86, 85: 86కు తాళం వేస్తేనే వచ్చే 12 వోల్టులు, 85 నుంచి స్విచ్ గుండా ఎర్త్. ఐదు కాళ్ల రిలే అయితే మధ్యలోని 87ఎ ఖాళీగా వదిలేయాలి. పొరపాటున ఫ్యాన్ వైరు అందులో దూరితే బండి ఆపాక రాత్రంతా తిరిగి బ్యాటరీ దించేస్తుంది. డయోడ్ ఉన్న రిలే తీసుకుంటే 86, 85 తారుమారు చేయొద్దు.

ఫ్యాన్ కరెంటును, రిలే కాయిల్‌ను రెండింటినీ ఇగ్నిషన్ వైరు మీదే పెట్టే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. తాళం తీశాక కూడా తిరుగుతున్న ఫ్యాన్ కాసేపు జనరేటర్ అవుతుంది, ఆ కరెంటు వెనక్కి పోయి ఇంజన్‌ను రెండు మూడు సెకన్లు ఆగనివ్వదు. ఫ్యాన్‌కు బ్యాటరీ నుంచి, కాయిల్‌కు మాత్రమే ఇగ్నిషన్ నుంచి ఇస్తే ఈ తలనొప్పి ఉండదు.

ఏసీ ఉంటే కంప్రెసర్ క్లచ్ ఆన్ అయినప్పుడు కూడా ఫ్యాన్ తిరగాలి. దీనికి రెండో చిన్న రిలే పెట్టి, దాని కాయిల్‌కు క్లచ్ వైరు నుంచి ఇచ్చి, దాని కాంటాక్టులు పెద్ద రిలే 85ను ఎర్త్ చేసేలా కలిపితే డయోడ్ల గొడవ లేకుండా పోతుంది. డాష్‌బోర్డు మీద మూడు స్థానాల స్విచ్ కూడా పెట్టాను: ఆటో, ఆఫ్, ఆన్. ఆఫ్ ఎందుకంటే వాగు దాటేటప్పుడు నీళ్లలో తిరిగే రెక్కలు వంగి జాలికి తగులుతాయి. ఆఫ్‌లో ఉంటే వెలిగే ఎర్ర బల్బు తప్పనిసరి, వాగు దాటాక మర్చిపోవడం ఖాయం.

ఆల్టర్నేటర్ లెక్క కూడా వేసుకోండి. హెడ్‌లైట్లు 10, పెట్రోల్ పంపు 5, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఇగ్నిషన్ కలిపి 5, బ్లోయర్ 8, ఫ్యాన్ 18, మొత్తం 46 ఆంపియర్లు. పేరుకు 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లో అందులో సగమే ఇస్తుంది. రాత్రి ట్రాఫిక్‌లో ఫ్యాన్ ఆన్ అయిన ప్రతిసారీ లైట్లు మసకబారితే కారణం ఇదే.

చివరగా పరీక్ష. ముందు తిరిగే దిశ: గ్రిల్ ముందు కాగితం పెడితే రేడియేటర్ వైపు అతుక్కోవాలి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది, చప్పుడు మామూలుగానే ఉంటుంది కాబట్టి చెవికి తెలియదు. తర్వాత బండి ముక్కు ఎత్తులో పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ క్యాప్ తీసి, బుడగలు ఆగేదాకా నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ పోస్తూ ఉండాలి. పై హోస్‌లో గాలి చిక్కుకుంటే స్విచ్‌కు ఆవిరి తగులుతుంది, కూలెంట్ కాదు. అప్పుడు ఇంజన్ మరుగుతున్నా ఫ్యాన్ ఆన్ కాదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద గురి పెట్టొద్దు, తక్కువ చూపిస్తుంది. ఒక నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

మధ్యాహ్నపు ఎండలో, ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో వదిలేస్తే ఫ్యాన్ 95కి ఆన్ అయి రెండు నిమిషాల లోపు 90కి దింపి ఆగాలి. ఏసీ వేస్తే ఆగకుండా తిరుగుతుంది, ముల్లు మాత్రం కదలకూడదు. ఆ స్థితిలో పావుగంట నడిపి ఇంజన్ ఆపగానే ఫ్యూజు హోల్డర్, రిలే సాకెట్, ఫ్యాన్ కనెక్టర్ మూడూ చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే ఆ లగ్గు సరిగా క్రింప్ కాలేదు, కోసేసి కొత్తది వేయండి. ఫ్యూజు పెద్దది వేయడం దానికి మందు కాదు.