మార్క్ రిచర్డ్స్ ట్విన్ ఫిన్: చిత్రిక పని అయింది, ఇక గ్లాసింగ్

సర్ఫ్‌బోర్డు చెక్కడానికి తెచ్చిన ఫోమ్ దిమ్మ (బ్లాంక్) మీద ఔట్‌లైన్ కోత, చిత్రిక పని అయిపోయాయి. పొడవు 6 అడుగుల 2 అంగుళాలు, నడుమ వెడల్పు ఇరవైన్నర అంగుళాలు, మందం రెండున్నర. చీలిన స్వాలో టెయిల్, దానికి కాస్త ముందు రెండు వైపులా మెట్టులా లోపలికి తగ్గే వింగులు. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ కుర్రాడు మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్ళు సర్ఫింగ్ ప్రపంచ చాంపియన్‌గా నిలిచింది ఈ తరహా ట్విన్ ఫిన్ల (అడుగున వెనక రెండు ఫిన్లు, అంటే చిన్న రెక్కలు, ఉండే బోర్డులు) మీదే. సర్ఫర్లందరికీ ఆయన ఎం.ఆర్.

చాంపియన్లు చాలామందే ఉన్నారు, నాకు ఈయనే ఎందుకంటే ఆ బోర్డులు ఆయన స్వయంగా చెక్కుకున్నవి. అల మీద కాలికి తెలిసిన లోటు వేరొకరికి వివరించి చెప్పాల్సిన పని లేదు, మర్నాడు తనే ఫోమ్ మీద సరిచేసుకోవచ్చు. ఆయన విజయాల్లో సగం బోర్డు చెక్కే షేపింగ్ గదిలోనే ఉందని నా నమ్మకం. బ్లాంక్ మీద చెయ్యి పెట్టాక అది ఇంకా బలపడింది.

1970లలో పోటీలు ఎక్కువగా సింగిల్ ఫిన్ మీదే నడిచేవి. పెద్ద అలల్లో అది నమ్మకమైన బోర్డే కానీ చిన్న, బలహీనమైన అలల్లో మందకొడి. 1976లో హవాయి సర్ఫర్ రెనో అబెల్లిరా ఆస్ట్రేలియా పోటీకి ఫిష్ అనే పొట్టి రెండు ఫిన్ల బోర్డు పట్టుకొచ్చాడు. శాన్ డియేగోలో స్టీవ్ లిస్ 1967లో మోకాళ్ళ మీద నడపడానికి చేసిన బోర్డు దాని మూలం. ఎం.ఆర్. ఆ ఫిష్‌ని చూశాడు, హవాయిలో డిక్ బ్రూవర్ దగ్గర షేపింగ్ మెళకువలు నేర్చాడు, తన ట్విన్ ఫిన్‌ని పొడవుగా, కోసు ముక్కుతో, సన్నని తోకతో తీర్చాడు. మోకాళ్ళు దగ్గరగా, చేతులు బార్లా చాచి తిరిగే ఆయన తీరుకి జనం పెట్టిన పేరు 'గాయపడిన సముద్రపక్షి'. ఆ భంగిమలోనే నాలుగు టైటిళ్ళూ గెలిచాడు.

వింగుల పని ఏమిటో ఈసారి చేతికి తెలిసింది. ఫిన్లు కూర్చునే చోట వెడల్పు నిలవాలి, అప్పుడే చిన్న అల మీద వేగం. ఆ వెంటనే తోక సన్నబడాలి, లేకపోతే మలుపులో అంచు నీటిని పట్టదు. వింగు ఈ రెంటినీ కలుపుతుంది. అక్కడ చిత్రిక వాడకూడదు, చిన్న ఆకురాయి, చెక్కముక్కకి చుట్టిన ఉప్పు కాగితం చాలు. తోక అడుగున 'వీ' వాలు తీసేటప్పుడు గదిలో దీపాలన్నీ ఆర్పి పక్కనుంచి ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగించాలి. ఎగుడుదిగుడులన్నీ నీడల్లో బయటపడతాయి. బ్లాంక్ మధ్యలో పొడవునా ఉండే చెక్క పట్టీ (స్ట్రింగర్) ఫోమ్ కంటే గట్టిది కనక దాన్ని చిన్న చిత్రికతో విడిగా దించాలి. ఫోమ్ పొడి చాలా సన్నం, మాస్క్ లేకుండా ఈ గదిలోకి అడుగు పెట్టొద్దు.

ఎం.ఆర్. అంత దూరం తెచ్చిన ట్విన్ ఫిన్‌కీ ఒక బలహీనత ఉంది. నిటారైన పెద్ద అల మీద తోక జారిపోతుంది. సిడ్నీలోని నరబీన్‌కి చెందిన సర్ఫర్ సైమన్ ఆండర్సన్ భారీ మనిషి, ఆ జారుడు ఆయన్ని మరీ ఇబ్బంది పెట్టింది. 1980లో మూడు ఫిన్ల థ్రస్టర్ చేశాడు, 1981లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీలో భారీ అలల్లో దాని మీద గెలిచాడు. కొన్నేళ్ళలో లోకమంతా థ్రస్టర్‌కి మారింది. కానీ 1981, 1982 టైటిళ్ళు ఎం.ఆర్. వే. అంత గొప్ప బోర్డు ఎదురుగా ఉన్నా, తన కాళ్ళకి తెలిసిన బోర్డుని వదలకుండా గెలిచాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇక గ్లాసింగ్, అంటే ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్‌తో గట్టిపరచడం. బ్లాంక్ పాలీయురేథేన్ కాబట్టి పాలియెస్టర్ రెసిన్ వాడొచ్చు (థర్మోకోల్ లాంటి ఈపీఎస్ ఫోమ్ అయితే అదే రెసిన్ కరిగించేస్తుంది, దానికి ఎపాక్సీ ఒక్కటే దారి). అడుగున నాలుగు ఔన్సుల గుడ్డ ఒక పొర, పైన రెండు పొరలు. పాదాలు నొక్కేది పైనే కదా. హార్డెనర్ ఎంత కలపాలో గది వేడిని బట్టి ముందు చిన్న కప్పులో చూసుకుంటాను. ఫిన్లు అతికించెయ్యకుండా, వాటిని తీసి పెట్టుకునే బాక్సులు పెడుతున్నా, వెనక మధ్యలో మూడో చిన్న ఫిన్‌కి కూడా ఒకటి. ఎం.ఆర్. పేరుతో ఇప్పుడొచ్చే ఫిన్ సెట్లలో అలాంటి చిన్న ఫిన్ కలిపి ఇస్తున్నారు. ముందు రెండింటితోనే నీళ్ళలోకి దించుతాను, తోక మరీ జారితేనే మూడోది.