బొగ్గుట్టలో ఒక పూట

మానుకోటలో, అదే మహబూబాబాద్‌ల, ట్రైన్ దిగి బయ్యారం మీదుగా పోయే బస్సు ఎక్కిన. నా ముందు సీట్ల కూసున్న ముసలమ్మ "బొగ్గుట్ట ఒకటి" అనంగనే కండక్టర్ ఇల్లెందు టికెట్ కొట్టి ఇచ్చిండు, అడగనన్నా అడగలే. బోర్డుల మీదనేమో ఒక దగ్గర ఇల్లందు ఒక దగ్గర ఇల్లెందు ఇంకో దగ్గర యెల్లందు, ఏది కరెక్టో ఎవరికీ పట్టింపు లేదు, బొగ్గుట్ట అంటే మాత్రం అందరికీ ఒకటే ఊరు.

మా మేనమామ ఇక్కడే కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైండు. చాయ్ తాగుకుంటనే మొదలుపెట్టిండు, భద్రాచలం యాత్రకు పోయేటోళ్లు రాత్రి వంటకు మూడు రాళ్లు పెట్టి మంట పెడితే పొయ్యి రాళ్లే అంటుకున్నయట. ఇది కథే కావచ్చు, కానీ 1871లో జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ అనే దొర వచ్చి ఈ పక్కన బొగ్గు ఉందని తేల్చింది మాత్రం నిజం, ఇక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు ఇప్పటికీ ఆయన పేరే, కింగ్ సీమ్ అంటరు. 1886లో ఇంగ్లండ్‌ల పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, 1889 నుంచి బొగ్గు తీసుడు షురూ. సింగరేణి కాలరీస్ అనే పేరుతోటి కంపెనీ అయ్యింది మాత్రం 1920 డిసెంబర్ 23న, అందుకే ఆ రోజు సింగరేణి డే చేస్తరు.

"నువ్వు బొగ్గు బాయిల ఏం చేసేటోడివి మామా?" అని అడిగిన.

"ఏముంటదిరా అల్లుడా, తట్టా చెమ్మస్ పని. షాట్ కొట్టి బొగ్గు పేల్చినంక పొగ పోయేదాకా ఆగాలె, చెమ్మస్‌తోటి బొగ్గు తట్టల కెత్తాలె, నెత్తిన పెట్టుకొని పోయి టబ్బుల పోయాలె, మళ్ళ రావాలె. పైకప్పు చప్పుడు చేస్తే తట్ట ఆడనే ఇడిసి ఉరుకుడే" అన్నడు. చెప్తున్నప్పుడు ఎడమ చెయ్యి దానంతట అదే నెత్తి దాకా పోయింది, ఆయనకు తెలిసి చేసిండో లేదో.

సాయంత్రం బండి మీద ఊరవతలకి తీసుకపోయిండు. మూతపడ్డ పాత బాయిల దిక్కు మొత్తం తుప్పలే. ఓసీ, అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని, దాంట్ల నుంచి ఎత్తిపోసిన మట్టి గుట్టలైతే నిజం గుట్టల్లెక్కనే ఉన్నయి, వాటి మీద చెట్లు కూడా మొలిచినయి. సింగరేణి కంపెనీ పుట్టింది ఈడ, పెద్దాఫీసు కొత్తగూడెంల, ఇప్పుడు బొగ్గంతా గోదావరి పొడుగునా రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి దాకా పాకింది. మామకు ఆ కోపం ఇంకా పోలే.

తిరిగొచ్చేటప్పుడు కారేపల్లి మీదుగా ఖమ్మం పోయిన, కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు ఆ దిక్కే కదా, చూద్దామని. 2016లో జిల్లాలు విడగొడితే ఇల్లెందు కొత్తగూడెం జిల్లాకు పోయింది, సింగరేణి మండలమేమో ఖమ్మంలనే ఉండిపోయింది. చాయ్ కొట్టు పిలగాన్ని సింగరేణికి ఎట్ల పోవాలె అని అడిగితే, "కొత్తగూడెం బస్సెక్కున్రి అన్నా, ఆఫీసు ఆడనే" అన్నడు.