బోటు మనదే అయ్యుండాలా?

బోట్ షోలో పిల్లల కళ్లు పడవల మీద ఉంటాయి, మన కళ్లు ధర రాసిన అట్ట మీద ఉంటాయి. నెలకి ఇంత అని వాయిదా పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, మొత్తం ధర మనమే వెతుక్కోవాలి. చెప్పులు బుట్టలో వదిలి, మెట్లెక్కి, మా అబ్బాయి స్టీరింగ్ ముందు కూర్చోగానే అమ్మేవాళ్లకి సగం పని అయిపోయింది. మిగతా సగం వాడే చేసిపెట్టాడు. "అమ్మా, మా ఫ్రెండ్స్ అందరికీ ఉంది" అన్నాడు.

వలస వచ్చిన తల్లిదండ్రులని కదిలించడానికి ఆ ఒక్క మాట చాలు. పిల్లలు తోటివాళ్ల ముందు తక్కువైపోకూడదని తాహతుకు మించినవి చాలానే నెత్తికెత్తుకుంటాం. మా ఆయన అప్పటికే ఫోన్‌లో లోన్ లెక్కలు చూస్తున్నారు.

కొన్న రోజుతో ఖర్చు తీరిపోయే వస్తువు కాదు ఇది. నీళ్లలో కట్టి ఉంచాలంటే మెరీనాకి, అంటే పడవలు నిలిపే రేవుకి, సాధారణంగా పడవ పొడవును బట్టి అద్దె కట్టాలి. ఇంటికి తెచ్చుకుందామంటే ట్రెయిలర్, దాన్ని లాగగల బండి, పెట్టుకునే జాగా కావాలి. ఇన్సూరెన్స్ సరేసరి. ఉప్పునీళ్లలో తిరిగొస్తే ఇంజన్‌ని మంచినీళ్లతో కడగాలి, అడుగున నాచు, గుల్లలు పట్టకుండా రంగు వేయించాలి. చలి దేశమైతే శీతాకాలం ముదరకముందే ఇంజన్‌లో నీళ్లన్నీ తీయించాలి, లేకపోతే అవి లోపలే గడ్డకట్టి ఇంజన్ పగులుతుంది. ఏటా పడవ ధరలో 10 శాతం దాకా వీటికే పక్కన పెట్టుకోమని బోట్లున్నవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. పాతది కొంటే ధర తగ్గుతుంది గానీ ఈ ఖర్చులు తగ్గవు, పైగా కొనేముందు పడవ బాగోగులు పరీక్షించే సర్వేయర్‌కి చూపించుకోవాలి. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు.

కాబట్టి బోట్ షోకి వెళ్లండి, అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. "ఈ ఆఫర్ షో అయ్యేదాకే" అంటారు. అననివ్వండి. పెద్ద పడవలు దాటుకుని వెళ్తే ఏదో ఒక మూల తెరచాప పడవలు నడిపే సెయిలింగ్ క్లబ్బులవాళ్లు బల్ల వేసుకుని కూర్చుని ఉంటారు. మనలాంటివాళ్లకి పనికొచ్చే సంగతులు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవ మాకు అక్కడే కనిపించింది. పొడవు సుమారు 2.3 మీటర్లు, ఒకే తెరచాప, ముందు భాగం మొనదేలకుండా మొండిగా ఉంటుంది. ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన 1947లో దీన్ని రూపొందించాడు. ప్లైవుడ్‌తో తక్కువ ఖర్చులో చేసుకోవాలి, పిల్లలే నడుపుకోవాలి అన్నది ఆలోచన. ఇప్పటికీ 15 ఏళ్ల దాకా వయసున్న పిల్లలు ఒక్కరే ఇందులో కూర్చుని గాలిని చూసుకుంటూ పోటీలు పడతారు. పడవ క్లబ్బుది, మనం కట్టేది ఫీజు.

పేచీ అక్కడే మొదలైంది. ఒకరి వస్తువు అడిగి వాడుకోవడమంటే మా ఆయనకి నామోషీ. చిన్నదైనా సొంతది ఉండాలంటారు, మా పెంపకాలు అలాంటివి. ఇందులో నామోషీ ఏముందో మా అబ్బాయికి బుర్రకెక్కలేదు. "అందరం నడుపుతాం, అందరం కడుగుతాం, సిగ్గెందుకు నాన్నా?" అన్నాడు. నేను వాడి పక్షమే. శనివారం తడిసిన తెరచాపలు ఆరబెట్టి మడతపెట్టే పిల్లల్లో ఎవరింట్లో బోటుందో, ఎవరింట్లో లేదో చూసి చెప్పలేం.

లైఫ్ జాకెట్ మాత్రం సొంతంగా కొన్నాం. "ఎదిగే పిల్లాడు, ఓ సైజు పెద్దది తీసుకోండి" అని మా అత్తగారు ఫోన్‌లో సలహా ఇచ్చారు. బట్టలకైతే సరే. జాకెట్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది చెవుల దాకా వచ్చేసిందంటే పెద్దదైనట్టు లెక్క. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. అందుకే ఒంటికి సరిపోయేదే కొన్నాం. వాడు ఎదిగే వేగం చూస్తే వచ్చే ఏడాది మళ్లీ కొనాల్సిందే.