అమ్మ తెచ్చిన గోంగూర

పొద్దున వంటింట్లో కింద కూర్చుని గోంగూర తుంచుతున్నాను. అమ్మ వచ్చి పీట వేసుకుంది. ఒక కాడ చేతిలోకి తీసుకుని, "ఎర్ర గోంగూర చూసి ఆగలేకపోయానే. బేరమాడితే ఇంకో కట్ట కొసరు వేశాడు" అంది. అమ్మ గేటు దాటి మూడు నెలలైంది. గోంగూర నిన్న సాయంత్రం నేను తెచ్చింది.

కిందటేడు వరకూ ఇలాంటప్పుడు "నువ్వెప్పుడు వెళ్లావమ్మా?" అని నిలదీసేదాన్ని. అమ్మ మొహం చిన్నబోయేది, నాకు రోజంతా మనసు బాగుండేది కాదు. అబద్ధమాడుతోందనే అనుకున్నాను. మతిమరుపు ఉన్నవాళ్లలో ఇలా జరుగుతుందని, దీన్ని కాన్ఫాబ్యులేషన్ అంటారని డాక్టరుగారు చెప్పాకే చదవడం మొదలుపెట్టాను.

1970లలో అమెరికాలో గజానిగా, లెడూ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి నన్ను వదల్లేదు. మూర్ఛ తగ్గడానికి మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే నరాల కట్టను కోసేసిన కుర్రాడు. అతని ఎడమ మెదడుకి కోడి కాలు బొమ్మ, కుడి మెదడుకి మంచు కప్పేసిన ఇంటి బొమ్మ చూపించారు. ముందున్న బొమ్మల్లోంచి ఎడమ మెదడు నడిపే కుడిచెయ్యి కోడిని చూపించింది, కుడి మెదడు నడిపే ఎడమచెయ్యి పారని. పార మంచు ఎత్తడానికి. కానీ మాట్లాడేది ఎడమ మెదడు, దానికి మంచు సంగతే తెలీదు. పార ఎందుకంటే, కోళ్ల షెడ్డు శుభ్రం చెయ్యడానికి అన్నాడట, తడుముకోకుండా. కళ్లముందున్న పారకి ఒక కారణం కావాలి, మెదడు అల్లి ఇచ్చింది. అల్లినట్టు అతనికే తెలీదు.

అమ్మ చేతిలో గోంగూర కాడా అంతే. ఆ బేరం, ఆ కొసరు మాత్రం నిజమైనవే, ఎప్పటివో.

అందుకే ఇవాళ "కట్టలు ఎంతకిచ్చాడమ్మా?" అన్నాను. "రూపాయికి నాలుగు" అంది, మొహం విప్పారి.

తర్వాత పడగ్గదిలోకి వెళ్లాను. మంచం మీద ఆరిన బట్టల కుప్ప. మడతపెట్టడానికే వచ్చానుగా అనుకుని ఒక్కొక్కటే మడతపెడుతున్నాను. అమ్మ చీర చేతిలో ఉండగా అలమరలో మాత్రల డబ్బా కనబడింది. నేను వచ్చింది బీపీ మాత్ర కోసం. 'మడతపెట్టడానికే' అనుకున్నప్పుడు నాకు ఆవగింజంత అనుమానం కూడా రాలేదు. ఆ చీర అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, "ఇంతసేపేం చేశావే?" అంది అమ్మ.

"నువ్వు తెచ్చిన గోంగూర ఇంకా సగం ఉందమ్మా" అని పక్కన కూర్చున్నాను.